మా ఆయన నన్ను అడగని ప్రశ్నలు

మా ఆయన చాలా మంచివాడని ఎవరైనా నా మొహం మీద అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచివాడే, కాదని ఎవరన్నారు? కానీ ఆ మంచితనమంతా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, కిటికీ పక్క బల్ల దగ్గర, సాయంత్రం షిఫ్టు వదిలాక మాత్రమే బయటికొస్తుంది. ఇంటికొచ్చేసరికి దారిలో ఎక్కడో జారిపోతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచి ఇంటికి అన్నం తినడానికి వస్తాడు.

మేమిద్దరం ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తాం. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ. నాది కటింగ్ సెక్షన్. పొరలు పొరలుగా పరిచిన గుడ్డని మిషను కత్తితో ఒక్కసారిగా కోస్తాను. చెయ్యి ఒణికిందంటే ఒక చొక్కా కాదు, ఆ దొంతరంతా పాడు. ఆయన ఆఫీసులో జీతాల గుమాస్తా. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని జీతాలాయన అంటారు. నన్ను జీతాలాయన గారి భార్య అంటారు. ఇన్నేళ్ళుగా కత్తి పట్టుకున్నదాన్ని, నా పనిని బట్టి నాకో పేరు పెట్టాలని ఒక్కరికీ తోచలేదు.

ఏటా లెక్కల సంవత్సరం ముగిశాక కంపెనీ మా అందరికీ ఒక పన్ను సర్టిఫికెట్టు ఇస్తుంది. ఏడాది మొత్తం మీ జీతం ఇంత, అందులోంచి పన్ను కింద ఇంత కోసి సర్కారుకి కట్టేశాం అని సంతకం పెట్టి ఇచ్చే కాగితం అది. అది చేతికొచ్చాక ఎవరి రిటర్ను వాళ్ళు దాఖలు చేసుకోవాలి. నా ఇంటద్దె ఇంత, పిల్లల ఫీజులింత, నా మీద ఆధారపడ్డవాళ్ళు ఇంతమంది, కాబట్టి నా దగ్గర ఎక్కువ కోశారు, తిరిగివ్వండి అనో, తక్కువ కోశారు, ఇదిగో తీసుకోండి అనో సర్కారుకి లెక్క ఒప్పజెప్పుకోవడం అన్నమాట. చెప్పడానికి సులువే. కాలరు కుట్టమంటే కళ్ళు మూసుకుని కుట్టేవాళ్ళు కూడా ఆ రిటర్ను పేజీ తెరవగానే బిక్కమొహం వేస్తారు.

అందుకని ఆ రోజుల్లో మా ఆయన రోజూ సాయంత్రం లాప్‌టాప్ పెట్టుకుని క్యాంటీన్‌లో కూర్చుంటాడు. ఎవరి దగ్గరా పైసా తీసుకోడు. ఆయనకో పద్ధతి ఉంది. ఆ పేజీలో 'పోయినేడాది వివరాలు తెచ్చుకో' అని ఒక బటన్ ఉంటుంది. నొక్కితే పాత వివరాలన్నీ వాటంతటవే వచ్చి కూర్చుంటాయి, జీతం అంకె మారిస్తే సరిపోతుంది. మా ఆయన ఆ బటన్ జోలికి పోడు. "మనిషి మారకపోయినా ఇల్లు మారుతుందండీ" అంటాడు. ఒక్కో గీత మీదున్నదీ పైకి చదువుతాడు. ఎదుటి మనిషి 'అవును' అంటేనే కింది గీతకి దిగుతాడు. ఊరికే తల ఊపితే ఒప్పుకోడు. నోరు తెరిచి చెప్పాల్సిందే.

ఆ చదవడంలో ప్రశ్నలు వస్తాయి. నా కడుపు మండేది అక్కడే.

"అదే అద్దె ఇల్లా? వానకి కారే గది బాగుచేయించాడా మీ ఓనరు?" "పెద్దమ్మాయి ఏ క్లాసుకొచ్చింది? లెక్కలంటే భయం పోయిందా?" "మీ నాన్నగారికి కంటి ఆపరేషనైంది కదా, ఏ కన్ను? ఇప్పుడు పేపర్ చదువుతున్నారా?" ఇలా ఉంటాయి ఆయన ప్రశ్నలు. ఏదో అడగాలి కాబట్టి అడగడం కాదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చేతులు కట్టుకుని, చెప్పేది పూర్తయ్యేదాకా వింటాడు. చెప్పేవాళ్ళకి అలుసు దొరికి, పన్నుకీ వాళ్ళకీ సంబంధం లేని ఊసులన్నీ విప్పుతారు. ఆడపడుచుతో తగువు, పక్కింటి కుక్క గొడవ, మోకాళ్ళ నొప్పి. అవీ వింటాడు మహానుభావుడు.

ఇంట్లోనా? ఇంట్లో మా ఆయన నోట వచ్చే మాటలు ఉప్పు తక్కువైంది, తువ్వాలేది, లైటార్పెయ్. అంతకు మించి వినబడితే అది టీవీ అయ్యుంటుంది. పోయినేడు కత్తి తగిలి నా చూపుడు వేలికి కుట్లు పడ్డాయి. ఆయన మందులు తెచ్చాడు, గిన్నెలు తోమాడు, నాకు చెయ్యి పనికిరాక తల దువ్వుకోలేకపోతే దువ్వెన తీసుకుని జడ వేయబోయాడు కూడా. ఆ జడ చూసి ఫ్యాక్టరీ అంతా నవ్వింది, అది వేరే సంగతి. కానీ నొప్పిగా ఉందా అని ఒక్కసారి అడిగితే ఒట్టు.

నా రిటర్ను ఆయనే చేస్తాడు. పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంటుంది. ఏ సెలవు రోజో గడ్డం గీసుకోవడానికీ స్నానానికీ మధ్యలో పూర్తిచేసి "నీదైపోయింది" అంటాడు. ఒకసారి అడిగాను, ఏమండీ, అందరికీ చదువుతారు కదా, నాకెందుకు చదవరు అని. "నీ గురించి నాకు తెలియందేముంది?" అన్నాడు. ఆ మాట బయట చెబితే ఎంత అదృష్టవంతురాలివే అంటారు. నాకు మాత్రం నా నోటికి కుట్టు వేసినట్టనిపించింది.

సరే, ఇదంతా ఏళ్ళ తరబడి నడుస్తున్నదే. ఈ ఏడాది బొత్తాలావిడ వచ్చింది.

బొత్తాలు కుట్టే సెక్షన్‌లో కొత్తగా చేరిన మనిషి. ఏడాది మధ్యలో వేరే ఫ్యాక్టరీ మానేసి ఇక్కడికొచ్చింది. వయసు నా వయసే, తలలో నెరుపు మాత్రం నాకంటే తక్కువ. నవ్విందంటే క్యాంటీన్ ఈ కొస నుంచి ఆ కొసకి వినబడుతుంది. మధ్యలో ఉద్యోగం మారింది కాబట్టి ఆవిడకి సర్టిఫికెట్లు రెండు, పాత కంపెనీది ఒకటి, మాది ఒకటి. జీతంలో మొదటి కొంత భాగానికి పన్ను ఉండదు కదా, రెండు కంపెనీలూ ఎవరికి వారు ఆ భాగాన్ని వదిలేసి లెక్క కట్టారట. రెండూ కలిపి చూస్తే కోసిన పన్ను తక్కువ పడింది. అది ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాలి, మిగిలింది ఎలా కట్టాలో చూడాలి, పైగా పాత కంపెనీ వాళ్ళు ఒక అంకె తప్పు వేస్తే ఉత్తరం రాసి సరిచేయించాలి. మిగతావాళ్ళకి అరగంటలో తేలిపోయే పని, ఈవిడకి సాయంత్రాలకి సాయంత్రాలు సాగింది.

ఈ కబురు నాకు మోసింది ఇస్త్రీ పిన్ని. పిన్నంటే నా సొంత పిన్ని కాదు. ఇస్త్రీ సెక్షన్‌లో పెద్దావిడ, ఫ్యాక్టరీలో అందరికీ పిన్నే. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏమే, మీ ఆయన ఇవాళ కూడా బొత్తాలు లెక్కపెడుతున్నాడే" అంది, నేను గుడ్డ పరుస్తుంటే పక్కకొచ్చి.

"రెండు సర్టిఫికెట్లు పిన్నీ, టైమ్ పడుతుంది" అన్నాను గంభీరంగా.

"అవునవును. ఒక్కో సర్టిఫికెట్టుకి ఒక్కో టీ. మీ ఆయనే కొనిచ్చాడు."

నా పెళ్ళైన దగ్గర్నుంచి ఆ క్యాంటీన్‌లో ఆయన నాకు టీ కొనిచ్చిన పాపాన పోలేదు. ఇంట్లో టీ ఉంటుంది కదా అంటాడు.

"నీకెందుకు పిన్నీ ఈ లెక్కలన్నీ?" అన్నాను.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకులే. చూసింది చెప్పాను. నిప్పు లేందే పొగ రాదంటారు, నేననలేదమ్మా" అని పిన్ని ఇస్త్రీ బల్ల దగ్గరికి పోయింది.

నిజం చెప్పాలంటే బొత్తాలావిడతో మా ఆయన లేచిపోతాడని నాకేమీ భయం లేదు. ఆయన లేచేది తువ్వాలు కోసం, లేకపోతే ఫ్యాన్ స్పీడు తగ్గించడం కోసం. నా బాధ అది కాదు. ఆవిణ్ణి అడుగుతున్నాడే, అదీ నా బాధ. నాకు రావలసిన ప్రశ్నలు ఆవిడకి పోతున్నాయి. నా వాటా పొలం ఎవరో దున్నుకుంటుంటే గట్టు మీద నిలబడి చూస్తున్నట్టుంది నాకు.

మర్నాడు సాయంత్రం మంచినీళ్ళ వంకతో సీసా పట్టుకుని క్యాంటీన్‌లోకి వెళ్ళాను. కుళాయి ఆ కిటికీ బల్లకి వెనకాలే ఉంది. ఆయన వీపు నాకు కనబడుతోంది, ఆవిడ మొహం కనబడుతోంది. సీసా కుళాయి కింద పెట్టి చెవులు రిక్కించాను.

"అత్తగారు మీ దగ్గరే ఉంటారా?"

"అవునండీ."

"పోషణంతా మీదేనా?"

"అవునండీ. మంచాన పడింది కదండీ, ఏడాది దాటింది."

"రాత్రిళ్ళు మీరే లేస్తారా?"

ఆవిడ అవునని అనలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆయన చేతులు కట్టుకుని ఆగాడు. అంత నవ్వే మనిషి ఏడుస్తుంటే నాకు జాలి వేయాలి కదా? వేయలేదు. ఆ చివరి ప్రశ్న ఏ ఫారంలో ఉందో చెప్పండి నాకు! రాత్రిళ్ళు ఎవరు లేస్తారని ఏ సర్కారు అడుగుతుంది? సీసా నిండి నీళ్ళు నా కాళ్ళ మీద పడేదాకా నేనక్కడే నిలబడ్డాను.

నేను లేచాను రాత్రిళ్ళు. మా అమ్మ ఆరేళ్ళు మా దగ్గరే ఉంది, ముందు గదిలో. చివరి ఏడాది మంచం దిగలేదు. మా అమ్మ పోయి ఏడాదిన్నర. అప్పుడు మా ఆయన చేయని పని లేదు. బండి మాట్లాడాడు, ఆస్పత్రి కాగితాలు చూశాడు, వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాడు, ఎవరికివ్వాల్సింది వాళ్ళకిచ్చాడు. ఒక్క లోటు రానివ్వలేదు. తరవాత మంచం మడతపెట్టి, దుప్పట్లు ఉతికించి, ఆ గదిలో కుర్చీ వేసుకుని పేపర్ చదువుకున్నాడు. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. ఇవాళ అడుగుతాడు, రేపు అడుగుతాడు అని చూసి చూసి, ఇక అడగడని తెలిశాక నేను కూడా చెప్పడం మానుకున్నాను.

ఆ వారం చివర్లో ఇంకో ఘనకార్యం జరిగింది. ఆయన విప్పిన చొక్కా ఉతకడానికి తీస్తే మూడో బొత్తాం కొత్తగా మెరుస్తోంది. ఆ బొత్తాం ఊడి నెల దాటింది, కుట్టాలి కుట్టాలి అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు అక్కడ నాలుగు కన్నాల్లోంచీ దారం నున్నగా పోయి, అడుగున ముడి కూడా కనబడకుండా ఉంది. ఫ్యాక్టరీ కుట్టు.

"ఇదెవరు కుట్టారు?" అన్నాను.

"ఏది? ఓ, అదా. ఆవిడే. డబ్బులు తీసుకోనన్నానని, పోనీ బొత్తామైనా కుట్టనివ్వండి అంది" అన్నాడు పేపర్ దించకుండా.

"ఒంటి మీద ఉండగానే కుట్టిందా?"

"ఒక్క నిమిషం పని. దానికి చొక్కా ఎందుకు విప్పడం?"

ఒంటి మీద ఉండగా! నా మొగుడి చొక్కాకి, నా మొగుడి ఒంటి మీద, ఇంకొకతె బొత్తాం! ఆవిడకి చేతిలో సూది, నాకు చేతిలో కత్తెర. ఆ బొత్తాం కోసి కిటికీలోంచి పారేశాను. కోపం మాత్రం దాంతో పాటు పోలేదు, ఇంకొంచెం పెరిగింది. పైగా మళ్ళీ బొత్తాం కుట్టే పని నా నెత్తిన పడింది.

మర్నాడు పొద్దున ఆయన బూట్లు తొడుక్కుంటుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"బొత్తాలావిడ అత్తగారికి ఎలా ఉందట?"

పాపం, నా గొంతులో సంగతి ఆయనకి పట్టలేదు. "మంచంలోనే. వీపుకి పుండ్లు పడ్డాయట. గాలి పరుపు కొనమన్నాను" అన్నాడు.

"ఓహో. గాలి పరుపా! రిటర్ను చేస్తున్నారా, కాపురం చేస్తున్నారా?"

"ఛ, ఏం మాటలవి?" ఆయన చేతిలో బూటు తాడు జారిపోయింది. "నీకు మతి పోయిందా?"

"పోతే పోయింది. ఇవాళ నా సర్టిఫికెట్టు పట్టుకుని వీధి చివర జిరాక్సు షాపుకి పోతాను. రిటర్నులు దాఖలు చేయబడును అని బోర్డు పెట్టాడు. డబ్బులు తీసుకుంటే తీసుకున్నాడు, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి నీ పేరేంటమ్మా అనైనా అడుగుతాడు."

ఆయన మొహంలో రంగు మారింది. జీతాలాయన సొంత పెళ్ళామే బయట చేయించుకుందంటే ఫ్యాక్టరీలో తల ఎలా ఎత్తుకుంటాడు?

"నా పరువు తీస్తావా? అయినా నీదెప్పుడో అయిపోయింది. పది రోజులైంది. దాఖలు కూడా చేసేశాను" అన్నాడు.

"నన్నడక్కుండానే?"

"అడగడానికేముందే అందులో? పోయినేడాది వివరాలు తెచ్చుకున్నాను, జీతం అంకె మార్చాను. రెండు నిమిషాలు."

ఆ బటన్! ఊళ్ళో ఎవరికీ నొక్కని ఆ బటన్ నాకు నొక్కాడు. ఫ్యాక్టరీ తోటమాలి ఇల్లు ఏడాదికోసారి మారుతుందట, నా ఇల్లు మాత్రం మారదట. ఎక్కువ కోపం వస్తే నాకు మాట రాదు. టిఫిన్ డబ్బా ఆయన చేతిలో పెట్టి ముందు నడిచాను.

ఆ సాయంత్రం షిఫ్టు వదలగానే చేతులు కడుక్కుని, నా సర్టిఫికెట్టు తీసుకుని, క్యాంటీన్‌కి వెళ్ళి వరసలో కూర్చున్నాను. గోడ వెంబడి బెంచీల మీద జనం, ఒకరు లేస్తే అందరూ ఒక్కో జాగా ముందుకి జరుగుతారు. నాకు ముందు బొత్తాలావిడ, నా వెనక ఇస్త్రీ పిన్ని. ఆయన నన్ను చూశాడు, చూడనట్టు లాప్‌టాప్‌లోకి వంగాడు.

"అక్కా, మీరిక్కడా?" అంది బొత్తాలావిడ నా వైపు తిరిగి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. "మీకేమండీ, ఇంట్లోనే ఉన్నారు జీతాలాయన. ఎంత అదృష్టవంతులో! నాతో ఇంతసేపు కూర్చుని మాట్లాడేవాళ్ళు మా ఇంట్లో ఒక్కరూ లేరు."

"అవునమ్మా. అదృష్టం తట్టుకోలేకే ఇటొచ్చాను" అన్నాను.

వెనక పిన్ని కిసుక్కున నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ నవ్వుతో నా చెవులు వేడెక్కాయి.

బొత్తాలావిడకి ఆ రోజుతో పని అయిపోయింది. రెండు సర్టిఫికెట్లూ కలిసిపోయాయి, కట్టాల్సింది కట్టేసింది. చివరి గీతకి ఆవిడ పెద్దగా 'అవునండీ' అని, లేచి దణ్ణం పెట్టింది. ఆవిడ లేచిన కుర్చీలో నేను కూర్చున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. నా సర్టిఫికెట్టు బల్ల మీద పెట్టాను.

"నీకేమైనా పిచ్చా? అయిపోయిందని చెప్పానుగా" అన్నాడు ఆయన గొంతు తగ్గించి.

"చదవండి."

"ఇంటికెళ్ళాక చూద్దాం."

"ఇంట్లో మీకు మాటలు రావుగా. ఇక్కడే చదవండి, అందరికీ చదివినట్టే. నేను అవునంటేనే కింది గీత."

వరసలో నవ్వులు లేచాయి. "చదవండి సార్, ఆవిడ కూడా మాలాగే జీతం మనిషే కదా!" అన్నాడు ఎవరో. ఇక తప్పదని ఆయన నా పేజీ తెరిచాడు. చదవడం మొదలుపెట్టాడు.

నా పేరు చదివాడు. అవునన్నాను. పనిచేసే చోటు, సెక్షన్. అవును. జీతం చదువుతుంటే పిన్ని మెడ కొంగలా సాగింది. అవును. ఇంటద్దె, అవును. బీమా, అవును. ఒక్కో గీతకీ నా గొంతు పెరుగుతోంది. ఎంత బాగుందో మీకెలా చెప్పను! ఆయన చదివి, తలెత్తి నా మొహంలోకి చూస్తున్నాడు, నేను చెప్పేదాకా ఆగుతున్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్నంతసేపు చూడలేదు. ఈ సుఖమా వీళ్ళందరూ ఏటా అనుభవిస్తున్నది అనుకున్నాను. మళ్ళీ కుళ్ళు ముంచుకొచ్చింది.

"ఆధారపడినవారు ఒకరు" అని చదివాడు ఆయన. ఊపులో ఉన్నాడు, నోరు ముందుకి పోతోంది. "తల్లి. వయసు డెబ్బై."

ఆగిపోయాడు.

క్యాంటీన్‌లో చాలామంది మా అమ్మ పోయినప్పుడు ఇంటికి వచ్చినవాళ్ళే. బెంచీల మీద నవ్వు ఆగింది. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నాకు ఇంతకంటే ఏం కావాలి? ఊరందరి ఇళ్ళూ అడిగి తెలుసుకునే మనిషి, సొంతింట్లో ఎవరు పోయారో మరిచి దాఖలు చేశాడు. దులిపి పారేయడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి, పొద్దుట్నుంచి నూరుకుంటున్నాను. కానీ నేను ఆ గీత వైపే చూస్తున్నాను. మా అమ్మ డెబ్బై చూడలేదు. అరవై తొమ్మిదిలోనే పోయింది. ఆ కంప్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు కాబట్టి, పాత వివరాలతో పాటు అమ్మని తెచ్చుకుని వయసు తనే పెంచేసింది. పది రోజులుగా సర్కారు లెక్కలో మా అమ్మ బతికే ఉంది, నా మీదే ఆధారపడి ఉంది.

"తప్పైపోయింది" అన్నాడు ఆయన. పెదాలు తడుపుకున్నాడు. "గడువుంది, సవరించొచ్చు. నువ్వు కాదని చెప్పు, తీసేస్తాను."

అవునంటే అబద్ధం. కాదనాలి. నోరు తెరిచాను. ఆ చిన్న మాట రాలేదు. మా అమ్మ పోయిందని అందరికీ తెలుసు, అందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి ఆ మాట నా నోటితో నేనెవరికీ చెప్పలేదు. ఇప్పుడు అడిగాడు. ఎప్పుడు అడుగుతాడా అని ఇన్నాళ్ళూ నేను ఏడ్చి చచ్చిన మనిషే అడిగాడు. కళ్ళలోంచి నీళ్ళు సర్టిఫికెట్టు మీద పడ్డాయి. పక్కకి జరుపుకోవాలన్న ధ్యాస కూడా లేకపోయింది.

ముందు కదిలింది బొత్తాలావిడ. "లేవండి, లేవండి. పిన్నీ, నువ్వూ లే. రేపు చేయించుకుందాం, సర్టిఫికెట్లకేమీ కాళ్ళు రావు" అంటూ వరసనంతటినీ కోడిపిల్లల్ని తోలినట్టు బయటికి తోలింది. వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. ఆవిడ మీద కుళ్ళంతా ఆ క్షణంలో పోయిందని చెప్పను, పోలేదు. ఆ చెయ్యి మాత్రం తీసేయాలనిపించలేదు.

ఆయన లాప్‌టాప్ మూశాడు. బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వంటవాళ్ళు లోపల గిన్నెలు కడుగుతున్నారు.

"నేను నిన్నేమీ అడగలేదు కదూ?" అన్నాడు.

"లేదు."

"అడిగితే ఏడుస్తావేమోనని."

"ఏడిస్తే ఏం పోయింది? ఫ్యాక్టరీలో సగం మంది మీ ముందు కూర్చుని ఏడ్చినవాళ్ళే."

"వాళ్ళు ఏడిస్తే నేను లేచి ఇంటికొచ్చేస్తాను" అన్నాడు. "నువ్వు ఏడిస్తే ఎక్కడికెళ్ళను?"

కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, చేతులు కట్టుకుని, నా వైపు తిరిగాడు.

"ఆ రోజు జీతాల రోజు. నేను ఆఫీసులో ఇరుక్కుపోయాను. ఆస్పత్రికి వచ్చేసరికి అయిపోయింది. అత్తయ్య చివరికి ఏమైనా అన్నారా?"

"అంది" అన్నాను. "మధ్యాహ్నం కళ్ళు తెరిచింది. నా వైపు చూసి, అల్లుడుగారు భోంచేశారా అని అడిగింది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"తిన్నారమ్మా అన్నాను. నోటికొచ్చింది చెప్పాను. మీరు తిన్నారో లేదో నాకేం తెలుసు? నేనూ మిమ్మల్ని అడగలేదు." అప్పుడు అడిగాను. "తిన్నారా ఆ రోజు?"

"లేదు" అన్నాడు.